ఆగిపోయిన పదిహేడో బదిలీ

మంగళవారం ఉదయం తొమ్మిదింటికే సుమలత మచిలీపట్నం కోనేరు సెంటర్లోని ఆ మేడమీది ఆఫీసుకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా తమ్ముడు నా డబ్బు కాజేశాడండీ. పోలీసుల దగ్గరికి బయల్దేరి, ముందు మీకు చెబుదామని వచ్చాను."

బ్యాంకులో కంప్యూటర్ల విభాగం వదిలేసి కనకదుర్గ ప్రైవేట్ డిటెక్టివ్ అయి ఆరేళ్లయింది. ఎదుటివాళ్లు పూర్తిగా చెప్పేదాకా ఆగడంలోనే ఆమె తెలివంతా ఉందని సహాయకుడు శశిధర్ నమ్మకం.

సుమలత కలంకారీ డిజైన్లు గీసి విదేశీ కంపెనీలకు అమ్ముతుంది. వాళ్లిచ్చే క్రిప్టో నాణేలు ఆమె ఫోన్లోని వాలెట్‌లో ఉంటాయి. గురువారం విజయవాడలో తండ్రి సత్యవేదానికి గుండె ఆపరేషన్. దానికోసం నిన్న నాణేలు అమ్మడానికి పంపితే 'పెండింగ్' అని ఆగిపోయింది. మళ్లీ నొక్కితే 'ఫెయిల్డ్'. పాత బదిలీల జాబితా చూస్తే, ఆమె చేయని బదిలీ ఒకటి కనిపించింది. ఆదివారం ఉదయం పదీ ఇరవైకి, పెద్ద మొత్తం, తమ్ముడు క్రాంతి కుమార్ వాలెట్‌కి.

"ఆ టైముకి మీరెక్కడున్నారు?"

"చర్చిలో. ఫోన్ ఇంట్లోనే వదిలేశాను. నాన్న రోజూ అందులోనే బైబిల్ వింటారు. లాక్ నంబరే వాలెట్‌కీ పెట్టుకున్నాను."

"తమ్ముడిమీద అనుమానం ఎందుకు?"

"కృత్తివెన్నులో వాడి చెరువులో రొయ్యలన్నీ వైరస్‌తో పోయాయి. మళ్లీ రొయ్యపిల్లల్ని వెయ్యాలని డబ్బుకోసం తిరుగుతున్నాడు."

కనకదుర్గ ఫోన్ తీసుకుని చాలాసేపు పరిశీలించింది. "ముందు కూర్చోండి. మీ నాణేలు ఎక్కడికీ వెళ్లలేదు."

సుమలత కుర్చీలో కూలబడింది.

మధ్యాహ్నం ముగ్గురూ చిలకలపూడిలోని సుమలత ఇంటికి వెళ్లారు. గుమ్మం దాటగానే మంచంమీంచి సత్యవేదం నెమ్మదిగా అడిగాడు. "ఏమ్మా, అది వెళ్లిపోయిందా, ఇంకా ఆగే ఉందా?"

"ఏది నాన్నా?" అంది సుమలత. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. కనకదుర్గ సంగతి చెప్పి క్రాంతిని రమ్మని కబురుపెట్టింది.

అతను వచ్చీరాగానే గట్టిగా అన్నాడు. "ఆదివారం మధ్యాహ్నందాకా చెరువుమీదే ఉన్నానండీ. పనివాళ్లు పదిమంది చూశారు. నాకు ఒక్క నాణెం కూడా రాలేదు."

"నిజమే," అంది కనకదుర్గ. "ఈ వాలెట్ నుంచి వెళ్లే బదిలీలన్నిటికీ వరుస నంబర్లుంటాయి. ఆదివారంది పదిహేడు. అది తేలేదాకా దాని వెనక పద్దెనిమిది కదలదు. అందుకే సుమలతగారిది ఆగింది. మరి పదిహేడు ఎందుకాగింది? పంపినవాళ్లు అన్నిటికంటే తక్కువ రుసుము ఎంచుకున్నారు. అంత తక్కువకి దాన్ని నెట్‌వర్కులో బదిలీలు జరిపేవాళ్లెవరూ పట్టించుకోలేదు."

"దొంగకి పొదుపెందుకు?" అన్నాడు శశిధర్.

"అదే నా ప్రశ్న. దొంగయితే త్వరగా పోయేదే ఎంచుకుంటాడు. ఇది తన జేబులోకి కాదు, ఇంకొకరికి, పైసా వృథా కాకుండా పంపిన చెయ్యి. ఆ టైముకి ఫోన్ పక్కనే ఉన్నదీ, లాక్ నంబరు తెలిసినదీ ఒక్కరే. సుమలతగారూ, డబ్బు ఆగిపోయిన సంగతి నాన్నగారికి చెప్పారా?"

"లేదండీ. ఆపరేషన్ ముందు కంగారెందుకని దాచాను."

"మరి ఇందాక ఆయన 'ఇంకా ఆగే ఉందా' అని ఎలా అడిగారు?"

సత్యవేదం కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"నాకు డెబ్బై నాలుగు. వాడికి ముప్పై. ఆ డబ్బు నా గుండెకి పోసేకంటే వాడి చెరువుకి పోస్తే బతుకుతాడనుకున్నాను. నువ్వు నొక్కుతుంటే రోజూ చూస్తున్నానుగా. తప్పేనమ్మా."

క్రాంతి మంచం పక్కన మోకాళ్లమీద కూర్చున్నాడు. "మీరు లేకపోతే ఆ చెరువు నాకెందుకు నాన్నా?"

సుమలత వెంటనే తమ్ముడి భుజంమీద చెయ్యి వేసింది. "నిన్ను దొంగన్నాను రా."

"నేనైనా అలాగే అనుకునేవాణ్ణి అక్కా."

పదిహేడో నంబరుతోనే, ఎక్కువ రుసుముతో, సుమలత వాలెట్ నుంచి ఆ వాలెట్‌కే ఒక ఖాళీ బదిలీ పంపించింది కనకదుర్గ. పాతది రద్దయింది. నిమిషం తిరక్కుండా సుమలత పంపింది కదిలింది. తెరమీద ఆకుపచ్చ గుర్తు పడగానే అందరి కంటే ముందు నవ్వింది సత్యవేదమే.

"ఇక ఆపరేషన్ తప్పించుకోలేను," అన్నాడాయన.

శుక్రవారం సాయంత్రం విజయవాడ నుంచి క్రాంతి ఫోన్ చేశాడు.

"నాన్న లేచి కూర్చున్నారండీ. అక్క ఇప్పుడే, మూడు రోజుల తర్వాత నిద్రపోయింది. మీరు మాట్లాడతానంటే లేపుతాను."

"వద్దు," అంది కనకదుర్గ. "పడుకోనివ్వండి."