సర్వర్ గదిలోంచి

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక సందులో ఐలేష్ వాళ్లది రెండు గదుల రేకుల ఇల్లు. ఆ సాయంత్రం సన్నగా వాన పడుతోంది. ముందు గదిలో గోనెసంచి పరిచి, దానిమీద సర్వర్‌ని పడుకోబెట్టి, మూత విప్పి కూర్చున్నాం. ఐలేష్ పాత పెయింట్ బ్రష్‌తో లోపలి దుమ్ము దులుపుతున్నాడు. వంటింట్లో వాళ్లమ్మ సక్కుబాయి జొన్నరొట్టెలు కొడుతున్న చప్పుడు.

ఆ సర్వర్ మన్నెగూడ దగ్గరి ఒక వెంచర్ ఆఫీసుది. ఆ వెంచర్ ఒకప్పుడు ఐలేష్ వాళ్ల చేను. హైదరాబాద్ బలిసి ఊళ్లమీదికి పొర్లుతున్న కాలం. చేను ప్లాట్లయింది. దాన్ని దున్నిన లింగస్వామి, అంటే ఐలేష్ తండ్రి, అదే నేలకు వాచ్‌మన్ అయ్యాడు. ఆఫీసు మొత్తంలో ఏసీ ఆగకుండా నడిచేది ఒక్క సర్వర్ గదిలోనే. మనిషికి లేని చల్లదనం యంత్రానికి! మొన్న ఎండాకాలం ఓ మధ్యాహ్నం లింగస్వామి అందులో నడుం వాల్చాడు. మేనేజర్ చూసుకోకుండా తలుపు లాగేసి వెళ్లిపోయాడు. ఆ తలుపు లోపలినుంచైనా వేలిముద్ర వేస్తేనే తెరుచుకుంటుంది. వాచ్‌మన్‌ది ఎందుకులే అని అతని వేలిముద్ర ఎక్కించలేదు. లోపలి బ్యాటరీలు కాలి పొగ కమ్మింది. అతను అందులోనే పోయాడు. పేపర్లో ప్రమాదం అని రాశారు. రైతుకూలీ సంఘంవాణ్ని, నేను హత్య అంటాను.

ఆఫీసు ఎత్తేసి సామానంతా పాతసామాన్లవాడికి వేస్తుంటే, ఐలేష్‌ని వెంటబెట్టుకుపోయి, గేటు దగ్గర గొడవపడి దీన్ని పట్టుకొచ్చింది నేనే. "దున్నేవాడిదే భూమి అన్నాం, అది పోయింది. యంత్రమైనా మన చేతికి రావాలి" అన్నాను. ఐలేష్‌కి గేముల్లో మంచి చెయ్యి. పోటీలకు పోవాలని కోరిక, పనికొచ్చే కంప్యూటర్ లేదు. పాతదైనా సర్వర్ బలమైనది. సికింద్రాబాద్‌లో దొరికిన సెకండ్‌హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు తగిలిస్తే చాలనుకున్నాం. కార్డు పట్టకపోతే సర్వర్ పక్క రేకు కోసేశాం.

"ఆన్ జెయ్యాల్నా, అమరన్నా?"

"కొట్టు."

ఫ్యాన్లు ఒక్కసారిగా గోలపెట్టాయి.

"వామ్మో, విమానం లేస్తుందే ఇది!" ఐలేష్ పకపకా నవ్వాడు.

తెరమీద గేమ్ తెరుచుకుంది. ఎక్కడా ఆగకుండా నీళ్లలా నడిచింది. తండ్రి పోయాక వాడలా నవ్వడం అదే మొదలు.

సక్కుబాయి పిండిచేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"గా అర్రలున్న డబ్బానేనా బిడ్డా ఇది?"

"అవ్ అమ్మా, ఆ రూములదే."

ఆమె దాని ముందు చతికిలబడింది. బయట పోయినవాణ్ని ఆ చోటికే వెళ్లి, పేరో వరసో పెట్టి పిలిచి, ఇంటికి తెచ్చుకోవాలని వాళ్లింట్లో పట్టింపు. పిలవకపోతే మనిషి అక్కడే ఉండిపోతాడట. ఆఫీసువాళ్లు ఆమెను గేటు దాటనివ్వలేదు.

"మీ బాపు ఇంక గాడ్నే ఉన్నడు. పిలువురా. కొడుకు పిలిస్తె వస్తడు."

ఐలేష్ నావైపు చూశాడు. నేను నవ్వాను.

"మూఢనమ్మకమే దొరలు కట్టిన మొదటి కంచె, పెద్దమ్మా."

"నీ పుస్తకాలు నీ కాడ వెట్టుకో" అందామె. "నువ్వు పిలుస్తవారా, లేదా?"

"కరెంటు డబ్బనే అది..." ఐలేష్ సిగ్గుపడ్డాడు.

ఇక ఆమే పిలిచింది. పెళ్లయినప్పటి నుంచి సక్కుబాయి మొగుడి పేరు నోటితో పలకలేదు. ఆ తరం ఆడవాళ్లు పలకరు. ఇప్పుడూ పలకలేదు. కోసిన రేకు దగ్గర నోరు పెట్టి, మెల్లగా...

"ఓ... నిన్నే. లోపలున్నోడా, రా. ఇంటికి రా. బువ్వ వెడ్త."

ఫ్యాన్లు ఆగిపోయాయి. లైటు వెలుగుతూనే ఉంది. తెర కూడా. ఫ్యాన్లొక్కటే ఆగాయి. పైన రేకుల మీద వాన వినబడింది. కోసిన సందులోంచి చల్లగాలి వచ్చి నా మోకాళ్లకు తగిలింది. కాలిన ప్లాస్టిక్ వాసన. దాని వెనక ఇంకోటి... చాలా లోతునుంచి తవ్వి తీసిన మట్టి వాసన.

గోడవార నులకమంచం కిర్రుమంది. నులక మధ్యలో కుంగింది.

"వచ్చిండు!"

సక్కుబాయి ఏడుస్తూ, నవ్వుతూ వంటింట్లోకి పరుగెత్తింది. రొట్టె, పప్పు తెచ్చి మంచంమీద పెట్టింది. రొట్టె విరిగింది. విరిగిన ముక్క కంచంలో లేదు.

మనవాడే కదా, అనుకున్నాను. అన్యాయంగా చచ్చినవాడు, మన పక్షం. భయమెందుకు?

"బాపూ?"

ఐలేష్ మంచం పక్కన కూర్చున్నాడు. వాడి జుట్టు కదిలింది. ఎవరో నిమురుతున్నట్టు.

"చెయ్యి మస్తు సల్లగుందే అమ్మా..." వాడి కళ్లనిండా నీళ్లు.

జుట్టు బిగుసుకుంది. తల వెనక్కి వంగింది. ఇంకాస్త...

"బాపూ, నొస్తుంది. ఇడువు."

వదల్లేదు. మెడ నరాలు తేలాయి.

నేను ఎగబడి ప్లగ్గు పీకాను. తెర ఆరిపోయింది. మంచం కుంగే ఉంది. ఐలేష్‌కి మాట రావడం లేదు.

అప్పుడు... కరెంటు లేని ఆ పెట్టెలోంచి దగ్గు. బీడీలు తాగి తాగి గీరుకుపోయిన దగ్గు. ఆ గల్లీలో అందరికీ తెలిసిన దగ్గు.

"సక్కూ..." గుసగుస. "నేనింక ఈడ్నే ఉన్న. తలుపు తియ్యి."

సక్కుబాయి పెట్టెవైపు చూసింది. మంచంవైపు చూసింది. ఈ ఒక్క మాట వినడానికే ఆమె ఎండలో ఆ గేటు ముందు కూర్చుని ఏడ్చింది. ఇప్పుడు పెట్టెమీదికి వంగి, కోసిన సందును రెండు అరచేతులతో మూసింది.

"లింగస్వామీ..." అంది. జన్మలో మొదటిసారి. "రాకు. ఆడ్నే ఉండు. ఇంట్ల ఎవలో ఉన్నరు."

పెట్టెలో చప్పుడు ఆగిపోయింది.

మంచం మళ్లీ కిర్రుమంది. ఐలేష్ చెవి పక్కనుంచి ఒక గొంతు... చాలా నెమ్మదిగా, పసిపిల్లలు అడిగినట్టు అడిగింది.

"లింగస్వామి ఎవలు?"