తిరిగి చూడని జీపు

గవ్వల వంక అనే వాగు దాటేటప్పుడు ఎవరు పిలిచినా వెనక్కి తిరిగి చూడకూడదు. కోసిగి చుట్టుపక్కల ఆ దారిన నడిచే వాళ్లందరికీ తెలిసిన మాటే ఇది. ఎప్పుడో ఒకామె కట్టెల మోపుతో వస్తుంటే వెనక ఎవరో పేరు పెట్టి పిలిచారట. తిరిగి చూసిందట... ఆ రాత్రి పట్టుకున్న జ్వరం ఆమెను తీసుకుపోయిందట.

అప్పటినుంచి పొద్దుగూకినాక వంకలో మూట జారిపడితే తెల్లారేదాకా అక్కడే. కోడి ఎగిరిపోతే దాని ఖర్మ. ఒకాయన మోటారు సైకిలు మీంచి పెళ్లాం జారిపడితే, ఊరు చేరేదాకా తిరిగి చూడలేదు. ఆ తర్వాత చాన్నాళ్లు ఆమె అతని ముఖం చూడలేదు, అది వేరే సంగతి.

నా కళ్లతో చూసింది ఏమీ లేదు. చేని కావలి గిడ్డయ్య చెప్పింది, జీపు తోలే శివశంకర్ దాచిపెట్టింది, అది దాగనివ్వకుండా వాళ్లావిడ బయటపెట్టింది — అన్నీ కలిపి చెబుతున్నాను. నవ్వుతారో వణుకుతారో మీ ఇష్టం.

శివశంకర్ పల్లె వంకకు అవతల ఉంది. వాన పడితే ఆ నల్లరేగడిలో ఎద్దుల బండే కూరుకుపోతుంది. అందుకని నాలుగు చక్రాలూ లాగే పాత జీపు ఒకటి కొని, కోసిగిలో రైలు దిగిన వాళ్లను పల్లెలకు చేరవేస్తుంటాడు. జీపు మొండిది. వంకలో మలుపు అంతకన్నా మొండిది. ఒక్క దెబ్బకు తిరగదు. సగం తిప్పి, రివర్సు వేసి, మళ్లీ ముందుకు పోవాలి.

రివర్సు వేయాలి... వెనక్కి మాత్రం చూడకూడదు!

అందుకని వంక రాగానే శివశంకర్ అద్దాలు రెండూ మడిచేసేవాడు. అద్దంలో చూసినా చూసినట్టే కదా మరి. హారను కొడుతూ, కనబడని దేవుళ్లందరికీ మొక్కుతూ, గుడ్డిగా వెనక్కి తోసేవాడు. ఒకసారి గిడ్డయ్య చేని కంచె కూలింది. ఇంకోసారి చక్రం గుంతలో పడి, నిండు నెలలతో ఉన్న పెళ్లాం మల్లేశ్వరి జీపులో ఈ మూల నుంచి ఆ మూలకు దొర్లింది.

"ఈ బండికి ఎనక కండ్లు పెట్టించు. అంతవరకు నేను ఎక్కను," అని మొగుడి మీద మండిపడి, మాధవరంలో పుట్టింటికి కాన్పుకు పోయింది.

శివశంకర్ జీపును ఆదోనికి తోలుకుపోయి, బండ్ల కరెంటు పని చేసే మస్తాన్ ముందు నిలబెట్టాడు.

"ఎనక ఉండే బుడ్డి లైటు సాల్లేదు భాయ్. పెద్దవి రెండు పెట్టు. రివర్సు ఎయ్యంగానే పట్టపగలు కావల్ల."

"పెడతా. పెడితే మాత్రం నువ్వు తిరిగి సూస్తావా?"

"నేను సూడను. లైట్లే సూస్తాయి. దెయ్యానికి ఎలుతురు పడదు గదా!"

మస్తాన్ నవ్వుకుంటూ పనిలోకి దిగాడు. వెనక బంపరు మీద రెండు తెల్ల లైట్లు బిగించాడు. రివర్సు గేరు పడగానే వెలిగేలా, గేరు డబ్బాకుండే స్విచ్చుకు తీగ కలిపాడు. బురదలో దిగినప్పుడల్లా బండి అడుగున కడుక్కోమని మరీ మరీ చెప్పాడు. శివశంకర్ తల ఊపాడు. తల ఊపడానికి ఏం పోయింది?

మల్లేశ్వరికి ఆడపిల్ల పుట్టింది. ఐదో నెలలో తల్లినీ బిడ్డనూ ఇంటికి తెచ్చుకోవాలి. సరిగ్గా అప్పుడే వంకలో దెయ్యం లేచింది.

మొదట చూసింది గిడ్డయ్యే. అడవి పందులు చేలో పడకుండా మంచె మీద కావలి ఉంటాడు. కొంచెం చెవుడు, కళ్లు మాత్రం డేగ కళ్లు. ఆ రాత్రి తుమ్మచెట్ల సందున... తెల్లగా... రెండు కళ్లు. అతన్నే చూస్తున్నాయి. రెప్ప వేయడం లేదు. ఏదో బండి ఎదురొస్తోంది కాబోలు అనుకున్నాడు. ఎంతసేపటికీ రాదే! చూస్తుండగానే చిన్నవైపోతున్నాయి.

చూపు ఇటు — పోవడం అటు.

దెయ్యానికి పాదాలు వెనక్కి ఉంటాయని అవ్వ చెప్పిన మాట గిడ్డయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. దుప్పటి ముసుగేసుకుని తెల్లారేదాకా తీయలేదు.

"ముగం నా తట్టు పెట్టుకోని, మీ పల్లె తట్టుకు పోతాంది అప్పా!" అని పొద్దున్నే కనబడిన వాళ్లందరికీ చెప్పాడు. తర్వాత ఇంకొందరు చూశారు. పల్లె మొదట్లో స్పీడు బ్రేకరు దాకా వచ్చి మాయమైపోతుందన్నారు. ఈ మాట కోసిగిలో బస్సెక్కి మాధవరంలో దిగింది.

"అల్లుడా! ఆ దెయ్యం మీ పల్లెలోకే వస్తాందంట గదా," అని ఫోను చేసింది అత్త ఎల్లమ్మ. "ఆడికి పసిబిడ్డను ఎట్ల పంపేది? అది పోయినాక సెప్పు. అప్పుడు పంపుతా."

శివశంకర్ అప్పటికే ఉయ్యాల కట్టి పెట్టుకున్నాడు. రాత్రిళ్లు ఖాళీ ఉయ్యాలను ఊపుకుంటూ పక్కనే పడుకునేవాడు. కూతుర్ని ఫోనులో చూడటమే గాని, గుండెలకు హత్తుకుని నిద్రపుచ్చింది లేదు. పాపం, ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే కోపమొచ్చింది.

"దాని సంగతి నేనే సూస్తా," అని జీపు ఇంటి దగ్గరే వదిలేసి, చేతిలో వేపమండ పట్టుకుని, నడిచిపోయి గిడ్డయ్య మంచె మీద కూర్చున్నాడు.

దెయ్యం రాలేదు. మర్నాడూ కూర్చున్నాడు. రాలేదు. వారమంతా కాపు కాశాడు... మిణుగురు పురుగు కూడా కనబడలేదు.

"నువ్వుంటే అది రాలేదప్పా," అని గిడ్డయ్య గుసగుసలాడాడు. "అదే నీకు బయపడతాంది!"

అంతే. శివశంకర్ పేరు మారుమోగిపోయింది. పిల్లలు దడుసుకుంటే తీసుకొచ్చి అతని చేత విబూది పెట్టించుకున్నారు. అతనూ నమ్మేశాడు. మీసం మీద చెయ్యేయడం అప్పుడే అలవాటైంది. ఎల్లమ్మ కూడా మెత్తబడి, కూతురి వెంట తానే వస్తానంది.

తీరా ప్రయాణం నాడు, వర్జ్యం పోయేదాకా గడప దాటనని ఆమే పట్టుబట్టింది. బయల్దేరేసరికి పొద్దు వాలింది. వంక చేరేసరికి చీకటి.

ముందు సీట్లో అల్లుడి పక్కన ఎల్లమ్మ. వెనక, బిడ్డను భుజాన వేసుకుని మల్లేశ్వరి. అందరి చూపూ ముందుకే.

శివశంకర్ అద్దాలు మడిచాడు. మలుపులో సగం తిప్పాడు. రివర్సు వేశాడు. మళ్లీ ముందుకు పోనిచ్చాడు.

అప్పుడు బిడ్డ నవ్వింది.

తల్లి భుజం మీంచి వెనక్కి చూస్తూ... కిలకిలమని...

"ఎవర్ని సూసి నవ్వుతాంది?" ఎల్లమ్మ తల తిప్పకుండానే అడిగింది.

దూరంగా చేలోంచి గిడ్డయ్య కేక వినిపించింది.

"శివశంకరా... వచ్చె! వంకలోనే ఉండాది!"

దెయ్యమే దడుసుకునే శివశంకర్ కాలు ఆక్సిలేటరు మీద పడింది. జీపు గుంతల మీద ఎగిరెగిరి పడుతోంది. బిడ్డ ఇంకా నవ్వుతోంది. మల్లేశ్వరి బిడ్డను గట్టిగా పట్టుకుంది. జ్వరమొస్తే తనకే రానీ, బిడ్డ ఎవర్ని చూసి నవ్వుతోందో తెలియాలి. గిరుక్కున తిరిగి చూసింది.

దారీ తుమ్మచెట్లూ అన్నీ పెళ్లిపందిరిలా వెలిగిపోతున్నాయి.

"బండి ఆపు!"

"ఆపను!"

"దిగి ఎనక్కి సూడు! నీ లైట్లే!"

శివశంకర్ ఆపాడు. దిగాడు. కానీ తిరగలేదు. ముఖం పల్లె వైపే పెట్టుకుని, జీపు పట్టుకుని, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ... వెనక్కి వేస్తూ... ఆ తెల్లటి వెలుతురులోకి పోయి నిలబడ్డాడు. చేలోంచి గిడ్డయ్యకు కనబడింది అదే. కళ్ల పక్కనే మనిషాకారం... వెనక్కి నడుస్తోంది!

గిడ్డయ్య మంచె మీంచి దూకిన చప్పుడు వీళ్లకు వినిపించింది.

ఇక్కడ మల్లేశ్వరి మొగుడి గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది. అప్పుడు చూశాడు. జీపు కింద రేగడి గడ్డకట్టి, రివర్సు వేసినప్పుడు లోపలికి పోయిన స్విచ్చు బయటికి రాలేదు. పల్లె మొదట్లో స్పీడు బ్రేకరు ఎక్కి దిగే పెద్ద కుదుపుకు తప్ప ఆ లైట్లు ఆరవు. వెనక్కి చూడని మనిషికి ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది?

ఎల్లమ్మ నడుము మీద చెయ్యేసుకుని నిలబడింది.

"అంటే... ఇన్నాళ్లూ నా కూతురి కాపరానికి అడ్డం పడింది నీ బండి ముడ్డి దీపాలా అల్లుడా?"

శివశంకర్ బిడ్డను తీసుకుని గుండెలకు హత్తుకున్నాడు. సిగ్గూ సంతోషమూ కలిసి ముక్కు చీదుకున్నాడు.

మర్నాడే స్విచ్చు కడిగి బాగు చేసుకున్నాడు. వంకంటే భయం పోయింది, అద్దాలు మడవడం మానేశాడు. ఇప్పుడు మలుపు తిరగగానే లైట్లు ఆరిపోతాయి. వెనకంతా చిమ్మచీకటి.

అయినా ఆ మలుపు దాటగానే బిడ్డ తల్లి భుజం మీంచి వెనక్కి చూస్తుంది... కిలకిల నవ్వుతుంది. ఈ మధ్య చెయ్యి కూడా ఊపుతోంది.

మొన్నటి నుంచి శివశంకర్ మళ్లీ అద్దాలు మడుస్తున్నాడట.