గ్యాసు తొట్టిలో తట్టేది ఎవరు?

"ఇకమీదట ఈ తొట్టిలోకి మనిషి దిగడు. యంత్రమే దిగుతుంది."

ఆ తొట్టిలోకి దిగి చనిపోయిన వంటామె భర్త శవం ఇంకా లేవకముందే హాస్టల్ కమిటీ అధ్యక్షుడు అందరి ముందూ అన్న మాట ఇది.

యంత్రం రాలేదు. తొట్టికి చెడ్డపేరు మాత్రం వచ్చింది.

హాస్టల్ వెనకుండే గ్యాసు తొట్టి అది. కుళ్లిన కూరగాయలు, పళ్ల తొక్కలు, ఎంగిలి, పేడ — ఏది పోసినా మింగి వంటింటికి మంట ఇచ్చేది. చీకటి పడితే మాత్రం లోపల్నుంచి ఎవరో తడతారని చెప్పుకునేవాళ్లు...

ఆ వారం బండెడు నిమ్మతొక్కలు పోశారు. తొట్టి పులిసి, గ్యాసు ఆగిపోయింది. పొయ్యి వెలగలేదు. సంగతేంటో చూద్దామని వంటామె చీకట్లోనే బయల్దేరింది.

"అటు పోకక్కా," గొంతు తగ్గించి అన్నాడు రాత్రి కాపలావాడు. "బావ తడుతున్నాడు."

"బతికుండగా ఏనాడూ తలుపు తట్టి రాలేదు. ఇప్పుడు నేర్చాడా మర్యాద?" అందామె.

టక్... టక్.

తొట్టిలోకి దిగే పనివాళ్లకో పద్ధతుంది. దిగినవాడు పార పిడితో గోడ తడితే, పైనున్నవాడు మూత తట్టాలి — 'ఉన్నాను' అని. ఆయన పోయిన రోజు పైన ఎవరూ లేరు. ఒకడు చాల్లే అన్నారు కమిటీవాళ్లు.

ఆమె మోకాళ్ల మీద కూలబడి అరచేత్తో మూత తట్టింది.

"ఉన్నానండీ... ఉన్నాను."

నిశ్శబ్దం. తర్వాత, నీరసంగా... టక్.

"వదినా..."

కట్టుకున్నవాడు వదినా అని ఎందుకు పిలుస్తాడు?

మూత లాగింది. నిచ్చెన మెట్టు పట్టుకుని వేలాడుతున్నాడు — మరిది. పులిసింది ఎత్తిపోయమని, సాయంత్రం కమిటీవాళ్లు అన్న దిగిన చోటికే తమ్ముణ్ణి దింపారు. ఈసారీ పైన ఎవరూ లేరు.

ఆమె చెయ్యి చాచేలోగా అతని పట్టు జారింది.

కాపలావాడు తాడు తెచ్చేసరికి లోపల ఏ చప్పుడూ లేదు.

"డ్యూటీకొచ్చినప్పటి నుంచీ వింటూనే ఉన్నానక్కా..." అన్నాడు నేల మీద కూర్చుండిపోయి. "దెయ్యమనుకున్నా."

'చెత్త నుంచి వెలుగు' అని తొట్టి గోడ మీద పెద్దక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి. బతికున్నవాడు తడితే దెయ్యమని వణికే స్థితికి మనల్ని తెచ్చిందెవరు? ఆ యంత్రం ఏది?

నవంబరు పదో తేదీలోగా అధ్యక్షుడు జవాబు చెప్పాలి.

పదకొండున తొట్టిలోకి మళ్లీ ఎవరినో దింపుతారట.