ఇటు విషం, అటు పెళ్లి

లేనా నోట్లో ఏం పెట్టుకుంటుందోనన్నదే వీబ్కెకు అన్నిటికన్నా పెద్ద భయం. రెండేళ్ల కూతురు లేనాను వెంటేసుకుని జర్మనీలోని ఫ్లెన్స్‌బుర్గ్ రేవు పక్క మొక్కల దుకాణంలో పనిచేసే తల్లికి ఆకు ఆకూ అనుమానమే. చదువు పదో తరగతితో ఆగింది కానీ, ఏ మొక్క విషమో ఆమెకు కంఠతా వచ్చు.

ప్రతి శనివారం ట్రోల్స్ వచ్చేవాడు. సరిహద్దు అవతలి డెన్మార్క్ నుంచి పడవలు బాగుచేసే పనికి వచ్చినవాడు. జర్మన్ అంతంతమాత్రం. రెండు నెలల్లో తొమ్మిది కుండీలు కొన్నాడు.

"ఇన్ని మొక్కలు ఎక్కడ పెడుతున్నారండీ?"

"పడవలో. ఇంకా మునగలేదు."

ఆమె నవ్వితే అతని చెవులు ఎర్రబడేవి.

ఓ శనివారం గన్నేరు కుండీ ఎత్తుకుని, ఆమె ఉంగరపు వేలి వైపు ఓరగా చూసి, గొంతు సవరించుకున్నాడు. "గిఫ్ట్?"

"అవునండీ! అందులో అనుమానమే లేదు," అంది వీబ్కె, లేనాను వెనక్కి లాక్కుంటూ. "ఈ పిల్ల పుట్టాక నాకు రోజూ హడలే!"

ట్రోల్స్ ముఖం వాడిపోయింది. కుండీ కిందపెట్టి వెళ్లిపోయాడు. మూడు శనివారాలు రాలేదు.

పిల్ల పుట్టకముందే దాని తండ్రి వదిలేసి పోయాడు. ఆ తర్వాత ఒకరి కోసం వీబ్కె తలుపు వైపు చూడటం ఇదే మొదలు.

"గన్నేరు విషమా అనడిగాడు, అవునన్నాను. అంతే!" అని వాపోయింది వీబ్కె.

దుకాణం యజమానురాలు ఇంకెన్ గారి తల్లిది డెన్మార్కే. కుర్చీలోంచి జారిపడేలా నవ్వారావిడ. "పిచ్చిమొద్దూ! గిఫ్ట్ అంటే మన జర్మన్‌లో విషం. డెన్మార్క్ వాళ్లకు విషమూ అదే, పెళ్లయిందనడమూ అదే. ఇంగ్లిషు వాళ్లకైతే బహుమతి! అన్నీ 'ఇవ్వడం' అన్న మాటకు పుట్టిన పిల్లలేనే. ఇచ్చిన మందు విషమైంది, ఇచ్చిన పిల్ల పెళ్లికూతురైంది."

"అంటే నాకు పెళ్లయిందని నేనే చెప్పానా? అనుమానమే లేదని కూడానా!"

"ఇక్కడ కూర్చుని ఏడిస్తే అతనికెలా తెలుస్తుంది? 'ఇక్కె గిఫ్ట్' అని చీటీ రాయి. ఇక్కె అంటే వాళ్ల భాషలో కాదు అని."

పుదీనా కుండీలో చీటీ గుచ్చి, లేనాను చంకనేసుకుని, వానలోనే పడవల షెడ్డుకు పరిగెత్తింది వీబ్కె.

ట్రోల్స్ చీటీ చదివాడు. పుదీనాను చూశాడు, ఆమెను చూశాడు. చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి.

"విషం కాదు అనా? పెళ్లి కాలేదు అనా?"

"రెండూ."

"మొదటిది అలాగే ఉండనీ. రెండోది... నేను మార్చొచ్చా?"

వీబ్కె తలూపింది. రెండేళ్లలో మొదటిసారి పిల్ల మీంచి చూపు తిప్పింది.

వాళ్లిద్దరికీ ఇప్పుడు లోకం కనబడదు. పిల్ల చేతికందింది పుదీనాయే, ఫర్వాలేదు. అయినా మీరు కాస్త ఓ కన్నేసి ఉంచండి, లేనా నోట్లో ఏం పెట్టుకుంటోందో.