మా అమ్మాయి ఒట్టి మొద్దండీ

"లోపల మీ అమ్మాయి గురించి ఏం చెప్పారు?"

బడి గేటు బయట, ధారగా కురుస్తున్న వానలో ఫూంగ్ కిట్‌యీ నన్ను నిలదీసింది. ఆమె చేతిలో పసుపుపచ్చ గొడుగు ఉంది. దాని కింద ఆమె, మా అమ్మాయి చిహారు నిలబడ్డారు. నాకు గొడుగు అంచు నుంచి కారే నీళ్ళు మిగిలాయి.

"అందరు తండ్రులూ చెప్పేదే చెప్పాను."

"అంటే?"

"మా అమ్మాయి ఒట్టి మొద్దండీ, ఏ పనీ సరిగ్గా రాదు, మీకు తలనొప్పి తప్పదు, దయచేసి చేర్చుకోండి అన్నాను."

కిట్‌యీ కళ్ళు మూసుకుని, లోపల పదిదాకా లెక్కపెట్టుకుని తెరిచింది.

"ప్రిన్సిపాల్ ఇప్పుడే ఫోన్ చేశారు కువాబారాగారూ. పాపకి ఏదో సమస్య ఉందని తండ్రే ఒప్పుకున్నాడు, అలాంటి పిల్లల్ని చూసుకునే టీచర్లు మా దగ్గర లేరు, సారీ అన్నారు."

"సమస్యా! చిహారుకా! అయిదేళ్ళకే గడియారం చూడటం వచ్చేసింది దానికి!"

"ఆ ముక్క లోపల చెప్పొచ్చుగా?"

"సొంత కూతుర్ని సొంత నోటితో ఎలా పొగుడుకుంటామండీ? వినేవాళ్ళు ఏమనుకుంటారు?"

జపాన్‌లో, మా కనజావాలో పక్కింటావిడ 'మీ పాప ఎంత చురుకో' అంటే, 'అబ్బే, ఇంట్లో చూడాలి దీని వేషాలు' అనాలి. ఆవిడ ఆ మాట తిరగేసి అర్థం చేసుకుని, నవ్వుకుంటూ వెళ్ళిపోతుంది. హాంకాంగ్‌లో ఎవరూ తిరగెయ్యరని నాకెవరూ చెప్పలేదు.

నిజానికి అక్కడ వరండాలోనే నాకు తెలిసి ఉండాల్సింది. నా పక్కన కూర్చున్న తండ్రి ఒళ్ళో తన అయిదేళ్ళ కొడుకు గురించి రంగుల్లో అచ్చు వేయించిన నలభై పేజీల పుస్తకం ఉంది. ఈత కొడుతూ ఒక ఫొటో, వయొలిన్ పట్టుకుని ఒకటి, ముసలమ్మని రోడ్డు దాటిస్తూ ఒకటి. ఆ ముసలమ్మ వాళ్ళ నాయనమ్మేనని నా అనుమానం. నేను మాత్రం ఖాళీ చేతుల్తో, నీలం సూటు వేసుకుని, వీలైనంత వంగి నమస్కారం పెట్టి వచ్చాను.

కంపెనీ నన్ను మూడేళ్ళకి హాంకాంగ్ వేసింది. ఇలాంటప్పుడు పిల్లల చదువు చెడకూడదని, తండ్రి ఒక్కడే పెట్టె సర్దుకుని వెళ్ళడం మా దగ్గర మామూలు. భార్య పోయి మూడేళ్ళయిన నాకు ఆ మామూలు మింగుడుపడలేదు. బడీ ఇల్లూ వెతుక్కోమని కంపెనీ పదిరోజులు ఇచ్చి, సాయానికి కిట్‌యీ పనిచేసే ఆఫీసుకి అప్పజెప్పింది. శుక్రవారంలోగా సీటు కాగితం చూపిస్తే చిహారు నాతో వస్తుంది. లేకపోతే అది కనజావాలో అమ్మమ్మ దగ్గర, నేనిక్కడ. దానికి ఊడే పాలపళ్ళన్నీ నేను ఫోన్‌లో చూసుకోవాలి.

ఆ రోజు సోమవారం. అప్పటికే ఏడు బళ్ళు 'సీట్లు నిండిపోయాయి' అన్నాయి. ఇది ఎనిమిదోది.

వాన తగ్గేదాకా కూర్చుందామని ఎదురుగా ఉన్న టీ హోటల్లోకి వెళ్ళాం. చిహారు వెన్న పెట్టిన బన్ను తన మొహమంత ఉందని సంబరపడిపోయింది.

"ఇక మిగిలింది ఒక్కటే," అంది కిట్‌యీ. "కొండ మీద చిన్న బడి. గురువారం పదింటికి. ఈలోగా ట్యూషన్ పెడుతున్నాను."

"చిహారుకా?"

"మీకు. పాప బానే ఉంది. పాప గురించి ఒక మంచి మాట చెప్పండి. ఒక్కటి చాలు."

నేను టీ తాగాను. ఫ్యాను వంక చూశాను. మళ్ళీ టీ తాగుదామంటే అయిపోయింది.

"నిద్రపోయేటప్పుడు గోల చెయ్యదు."

"అది కుక్కపిల్లని అమ్మేటప్పుడు చెప్పే మాట. ఇంకోటి."

"వయసుకి పొడుగు."

"కరెంటు స్తంభం కూడా పొడుగే."

చిహారు కిసుక్కున నవ్వింది. బన్ను పొడి నా సూటు మీద పడింది.

"పోనీ, నా మీద ప్రాక్టీసు చెయ్యండి," అని కిట్‌యీ చేతులు కట్టుకుని కూర్చుంది. "నాలో ఒక మంచి విషయం చెప్పండి చూద్దాం."

నా చెవులు వేడెక్కాయి. ఆమె జుట్టు చివర వానచుక్క ఒకటి పడనా వద్దా అని ఆలోచిస్తోంది. ఎడమ బుగ్గ మీద సొట్ట, నవ్వకపోయినా ఉంది. నాలుగేళ్ళు సప్పొరోలో చదువుకుందేమో, మా భాషలో కోప్పడుతుంటే ఆ ఉత్తరాది యాస వినడానికి హాయిగా ఉంది. చెప్పడానికి బోలెడున్నాయి.

"మీ గొడుగు బాగుంది," అన్నాను.

టీ తెచ్చే పెద్దాయన వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది కిట్‌యీ.

సూటు మీద వెన్న మరక కడుక్కుని వచ్చేసరికి మాత్రం ఆమె మొహంలో ఆ నవ్వు లేదు. ట్రామ్ ఎక్కాక చిహారు నా ఒళ్ళో నిద్రపోయింది. అప్పుడు చెప్పింది.

"మీరు అటు వెళ్ళినప్పుడు పాప నన్నొకటి అడిగింది. 'నాన్న అందరికీ నేను మొద్దునని చెప్తాడు. అది ఊరికే అంటారని అమ్మమ్మ చెప్పింది. మరి ఊరికే కాకుండా నిజంగా ఏమనుకుంటాడో నాకెప్పుడూ చెప్పలేదు. ఆంటీ, మీకేమైనా చెప్పాడా?' అంది."

నేను చిహారు మొహం వంక చూశాను.

"ఊళ్ళోవాళ్ళు తిరగేసుకుంటారు, సరే. ఆరేళ్ళ పిల్ల కూడా తిరగేసుకోవాలా కువాబారాగారూ?"

అని కిటికీ వైపు తిరిగింది. చిహారు జుట్టు నిమురుతూ, ఎన్నిసార్లు దాని ముందే ఆ మాట అన్నానో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. లెక్క తేలలేదు.

గురువారం కొండ మీద బడిలో పిల్లల్ని కూడా తండ్రుల పక్కనే కూర్చోబెట్టారు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి ఈసారి అనువాదానికి కిట్‌యీ కూడా లోపలికి వచ్చింది. తెల్లజుట్టు ప్రిన్సిపాల్ మిసెస్ క్వోక్ కళ్ళజోడు సర్దుకుని, "మీ అమ్మాయి గురించి చెప్పండి" అన్నారు.

"మా అమ్మాయి ఒట్టి..."

నోటికి అలవాటైన మాట, అదే వచ్చేసింది. కిట్‌యీ అనువాదం చెయ్యలేదు. నాకు బదులు ఏదైనా మంచి మాట కల్పించి చెప్పేయడం ఆమెకి చిటికెలో పని. అలాగని చెప్పలేదు. పెన్ను పట్టుకుని నా వంకే చూస్తూ కూర్చుంది. పక్కన చిహారు తల వంచుకుని తన మోకాళ్ళు చూసుకుంటోంది.

"మా అమ్మాయి," అని మళ్ళీ మొదలుపెట్టాను, "రోజూ నాకంటే ముందు లేస్తుంది. నేను లేచేసరికి గుమ్మం దగ్గర నా బూట్లు వీధివైపు తిప్పి పెట్టి ఉంటాయి. ఎవరూ నేర్పలేదు. ఎందుకమ్మా అంటే, తొందరగా వెళ్తే తొందరగా వస్తావు కదా అంది."

కిట్‌యీ గొంతు సవరించుకుని అనువాదం చేసింది.

"దానికి ఎవరైనా ఏడుస్తుంటే చూసి ఊరుకోవడం చేతకాదు. వాళ్ళమ్మ పోయినప్పుడు నేనేడుస్తుంటే, మూడేళ్ళ పిల్ల, తన తువ్వాలు తెచ్చి నా నెత్తి మీద కప్పింది. ఇంతకంటే మంచి పిల్లని నేను చూడలేదు. అది నా కూతురైనందుకు నాకు గర్వంగా ఉంది."

చెప్పి చూద్దును కదా, చిహారు చెవులు నా చెవుల్లాగే ఎర్రబడ్డాయి. పెదవులు బిగబట్టి నా వేలొకటి గట్టిగా పట్టుకుంది.

"పాపలో లోపాలేమైనా?" అన్నారు మిసెస్ క్వోక్.

"ఏమీ లేవు."

"క్యారెట్ తినను," అంది చిహారు.

శుక్రవారం మధ్యాహ్నం, విమానాశ్రయం బస్సు ఎక్కబోతుంటే కిట్‌యీ పరుగెత్తుకుంటూ వచ్చి సీటు కాగితం నా చేతిలో పెట్టింది. చిహారు ఆమెని చుట్టేసుకుంది. మళ్ళీ వాన.

"నా పని అయిపోయింది," అంది కిట్‌యీ రొప్పుతూ. "ఆగస్టులో మీరొచ్చేసరికి ఇల్లు అప్పగించడానికి మా ఆఫీసు నుంచి ఇంకొకరు వస్తారు."

"ట్యూషన్‌లో ఒక ప్రశ్న మిగిలిపోయింది."

"ఏది?"

"మీలో ఒక మంచి విషయం."

"గొడుగు అన్నారుగా!"

"ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. దాని కింద నేనెప్పుడూ తడుస్తూనే ఉన్నాను." ఊపిరి పీల్చుకున్నాను. "పాప అడిగింది దాచకుండా నాకు చెప్పారు. చెప్పి కిటికీ వైపు తిరిగారు. అద్దంలో మీ కళ్ళ నీళ్ళు కనిపించాయి. నిన్న నాకు బదులు మీరే మాట్లాడెయ్యకుండా ఆగారు. మీరు కోప్పడితే కూడా బాగుంటుంది. నాకు మీరంటే ఇష్టం."

కిట్‌యీ గొడుగు కొంచెం పైకెత్తి నా మొహంలోకి చూసింది.

"ఇందులో తిరగేసుకోవాల్సింది ఏమైనా ఉందా?"

"ఒక్క ముక్క కూడా లేదు."

ఆమె గొడుగు మొత్తం నా మీదికి జరిపింది. "ఆగస్టులో ఆ ఇంకొకరిని రావద్దని చెప్తాలెండి," అంది వానలో తడుస్తూ.

నవంబరులో మా అత్తగారు కనజావా నుంచి మమ్మల్ని చూడటానికి వచ్చారు. కిట్‌యీని భోజనానికి పిలిచాను. తిన్నాక అత్తగారు చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె వైపు తిరిగారు.

"అమ్మా, మా అల్లుడు ఒట్టి చేతకానివాడు. వంట రాదు, నాలుగు మాటలు మాట్లాడటం రాదు. ఈ పిల్లా అంతే, మహా మొండి. ఇలాంటి పనికిరాని ఇద్దర్ని నీ నెత్తిన రుద్దుతున్నందుకు సిగ్గుగా ఉందమ్మా," అని చాపకి నుదురు ఆనించి వంగారు.

కూతుర్ని పోగొట్టుకున్న తల్లి ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. కిట్‌యీ ఒక్కో మాటనీ లోపల తిరగేసుకోవడం నాకు కనిపించింది. ఆమె కళ్ళు నిండాయి. తనూ అంతే కిందికి వంగింది.

"నాకూ ఏమీ రాదండీ. కోపం ఎక్కువ. గొడుగు పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. మీరే దిద్దుకోవాలి."

అత్తగారు కళ్ళు తుడుచుకుని, "ఎంత బాగా చెప్పింది!" అన్నారు నాతో.

సాయంత్రం కిట్‌యీ బయల్దేరుతూ గుమ్మం దగ్గర ఆగిపోయింది. చిహారు అప్పటికే చెప్పులన్నీ సర్ది పెట్టింది. నా బూట్లు, అమ్మమ్మ చెప్పులు, తన చిన్న బూట్లు వీధివైపు తిరిగి ఉన్నాయి.

కిట్‌యీ చెప్పులు మాత్రం ఇంటివైపు తిరిగి ఉన్నాయి.