పది సెకన్ల హమ్

బాంబ్ స్క్వాడ్ వచ్చేదాకా గుర్తుంచుకోవాల్సినవి:

ఒకటి: డాక్టర్ బాపయ్య కుర్చీలోంచి లేవకూడదు. లేస్తే కుర్చీ కింద బాంబు పేలుతుంది.

రెండు: స్టేజీ మీద మ్యూజిక్ ఆగకూడదు. హాలు నిశ్శబ్దమైనా పేలుతుంది.

మూడు: అయిదున్నరకి ఆ మ్యూజిక్‌లోంచి 'మ్మ్మ్'మనే లోతైన హమ్ ఒకటి బయల్దేరుతుంది. అది పది సెకన్లు నిలిచినా పేలుతుంది. ఆపాలి.

నాలుగు: జనానికి తెలియకూడదు.

చెవిలోని బుల్లి రిసీవర్లో చీఫ్ గొంతు ఆగింది. ఏజెంట్ జక్రయ్య తన పెట్టుడు మీసం సర్దుకున్నాడు. టైము అయిదూ పది.

"ఇప్పుడా సార్ చెప్పడం? కచేరీ మొదలై పది నిమిషాలైంది."

"ముఠా కోడ్ ముడి ఇప్పుడే విడింది. బాంబ్ స్క్వాడ్ బెజవాడలో బయల్దేరింది. అందాకా నువ్వే. బాపయ్య పోతే దేశానికి రాడార్ ప్రాజెక్టే లేదు."

రాడార్ సంగతి దేశం చూసుకుంటుంది, అనుకున్నాడు జక్రయ్య. ఎలీసమ్మ కొడుకైన తనని మిరపకోతల్లోంచి చెయ్యిపట్టి తీసుకొచ్చి, ఇదే కాలేజీలో బీయస్సీ బెంచీ మీద కూర్చోబెట్టిన అప్పటి ఫిజిక్స్ మాస్టారు ఆయన. ఇవాళ పూర్వ విద్యార్థులు ఆయనకి చేస్తున్న సన్మానం. ముందు వరసలో, మెడలో దండతో, చిన్నపిల్లాడిలా నవ్వుతూ కూర్చుని ఉన్నారు.

జక్రయ్య చీటీ రాశాడు: 'మాస్టారూ, లేవకండి. ప్రాణాపాయం.' సోడాతో పాటు పంపాడు. బాపయ్యగారు చదివారు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. సోడా తాగారు. కుర్చీ చేతుల మీద వేళ్ళు మాత్రం బిగుసుకున్నాయి.

మద్రాసు నుంచి వచ్చిన సౌండ్ మెకానిక్ వేషంలో జక్రయ్య స్టేజీ ఎక్కాడు.

స్టేజీ మధ్య బల్ల మీద సింథసైజర్. పియానో మెట్లు, వాటి పైన నలభై నాబులు, అరవై రంధ్రాలు, రంధ్రం నుంచి రంధ్రానికి రంగురంగుల తీగలు. దాని ముందు రెబ్కా. తెల్ల షిఫాన్ చీర, నల్ల కళ్ళజోడు. విదేశీ ముఠా 'ఆక్టేవ్' జీతం తింటూ ఆరునెలలుగా మనకు కబుర్లు మోస్తున్న డబుల్ ఏజెంట్.

"ఇప్పుడు మన పత్తిమిల్లు వినండి," అంది మైకులో. రెండు తీగలు మార్చి, ఒక నాబు మెల్లగా తిప్పింది. హాల్లో జిన్నింగ్ మిల్లు తిరిగింది. జనం ఈలలు వేశారు. ఆ మిల్లు చప్పుడు మీదనే ఓ రాగం లేచింది. ఆమె మెట్ల మీంచి చేతులు తీసేసింది. వాద్యం తనంతట తానే వాయించుకుంటోంది.

జక్రయ్య వంగి, ప్లగ్గు చూస్తున్నట్టు నటించాడు. "సన్నమిరపకాయలు ఎండాయా అండీ?"

"ఇంకా రెండు ఎండలు కావాలి."

కోడ్ సరిపోయింది.

"హమ్ ఎక్కణ్ణుంచి?"

"ఆకుపచ్చ తీగ," అంది పెదవి కదపకుండా. "సరిగ్గా అయిదున్నరకి పీకెయ్. వెనక వరసలో ముఠావాడున్నాడు. వాణ్ణి నేను చూసుకుంటా."

ఆమె చప్పట్ల మధ్య స్టేజీ దిగి పక్క తలుపులోంచి వెళ్ళిపోయింది.

అయిదున్నర. జక్రయ్య ఆకుపచ్చ తీగ పీకాడు.

మ్మ్మ్మ్మ్...

నేల అదిరింది. జక్రయ్య వాచీలో హమ్‌ని కొలిచే ఎర్రముల్లు లేచింది. ఒకటి. రెండు.

పీకితే ఆగాల్సింది, మొదలైంది! వెనక వరస చూశాడు. ఎవరూ లేరు. రెబ్కా కూడా లేదు.

మూడు. తీగ లేకుండా శబ్దమెలా వస్తుంది? డిగ్రీలో చదివిన ఏ సర్క్యూట్లోనైనా తీగ తీస్తే కరెంటు ఆగేది. అంటే వేరే తీగ! నీలం పీకాడు. మిల్లు ఆగిపోయింది, హమ్ ఆగలేదు. నాలుగు. అయిదు. దాని పక్కన ఎర్రది. పట్టుకున్నాడు.

ఎవరో మణికట్టు పట్టుకున్నారు. గళ్ళ లుంగీ, చెవి మీద బీడీ. మైకుసెట్టు సుభానీ.

"ఏంది సార్ పీకుడు! అది పాట తీగ. అదీ పీకితే మొత్తం మూగబోద్ది!"

"హమ్! హమ్ ఆపాలి!"

"నా స్పీకరు బాక్సులు చిరిగిపోతన్నయ్, నాకు తెలవదా? మీ ఇంట్లో ట్రాన్సిస్టర్ ఉందా?"

ఆరు.

"ఉంది, ఏం?"

"చెవిలో పెట్టుకునేదాని పిన్ను గుచ్చితే దాని స్పీకరు ఆగుద్దా లేదా? ఇదీ అంతే. తీగలు లోపలే కలిపేసుంటయ్ సార్. గుచ్చితే తెగుద్ది, పీకితే కలుస్తది. ఇంతసేపూ ఆ పచ్చదే హమ్ముని ఆపి ఉంచింది!"

ఏడు. ఎనిమిది.

పచ్చ తీగ బల్ల కిందికి జారిపోయింది. సుభానీ లుంగీ మడతలోంచి తీగ లేని వట్టి పిన్నొకటి తీశాడు. "ఏ బొక్క?"

"రెండో ఆసిలేటర్! పచ్చది ఉన్న బొక్క, ఇదే!"

తొమ్మిది.

టక్.

హమ్ తెగింది. పాట మాత్రం సన్నగా, ఒంటరిగా సాగుతోంది. ముల్లు కిందికి వాలింది. జక్రయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏంది సార్, హమ్ముకే ఏడుస్తారా?" అన్నాడు సుభానీ.

ఆరుబయట టీ, మిరపకాయ బజ్జీలు సిద్ధమని మైకులో చెప్పగానే హాలు మూడు నిమిషాల్లో ఖాళీ అయింది. బాపయ్యగారొక్కరే మిగిలారు. ఆరూ పదికి బాంబ్ స్క్వాడ్ వచ్చి కుర్చీ కింద పని ముగించేదాకా ఆ ఒంటి పాట మోగుతూనే ఉంది.

"ఏరా జక్రయ్యా," అన్నారు లేచి నిలబడుతూ, "ఈ పాటకి చివరనేది లేదటరా? ఆ మీసం కూడా తీసెయ్. నీకు నప్పలేదు."

రెబ్కా ఆ సాయంత్రమే నల్లపాడు స్టేషన్లో, రైలు లేటవడం వల్ల, దొరికింది. ఆమె మొదటినుంచీ ముఠా మనిషే; ఆమె లెక్క ప్రకారం బాంబు పేల్చిన చెయ్యి మన ఏజెంటుదే కావాలి.

చీఫ్ రాసిన రిపోర్టులో ఏజెంటు చాకచక్యం గురించి రెండు పేజీలున్నాయి. సుభానీ గురించి ఒక్క ముక్క లేదు. రహస్యం కదా. ఎవరికీ చెప్పొద్దని అతని చేత సంతకం కూడా పెట్టించారు.

మీ ఊరి పెళ్ళిలో మైకు గుయ్యిమన్నప్పుడు మైకుసెట్టాయన మీద విసుక్కుంటారు, సహజం. విసుక్కోండి. ఆ తరవాత మాత్రం ఒక్క క్షణం షేక్ సుభానీని తలుచుకోండి.