వీరప్ప రాతి కింద మొలకలు

ధర్మపురి బస్‌స్టాండు వెనక మేడమీది ఆఫీసుకు కేశవన్ వచ్చేసరికి పదయింది. డ్రాయింగు మాస్టారుగా రిటైరైన మనిషి, ఆ పక్క మాటలో వాద్యారు. పదేళ్లుగా అంకోర్, బొరొబుదూర్, అనురాధపురం అంటూ పాత గుళ్లు, పడిపోయిన గోపురాలు గీసుకుంటూ ఆసియా అంతా తిరిగాడు. అంత తిరిగినవాడు ఇప్పుడు కుర్చీ అంచుమీద ఒదిగి కూర్చున్నాడు.

"సాయంత్రం లోపల రాయి దొరక్కపోతే పోలీసులకు పట్టిస్తారంటమ్మా. నలభై ఏండ్లు పిల్లకాయలకు పాఠం చెప్పినాను. రాతిదొంగ అనిపించుకోని ఎట్ల బతికేది?"

డిటెక్టివ్ యోగలక్ష్మి మంచినీళ్లిచ్చి, మొదటినుంచీ చెప్పమంది. అసిస్టెంటు ప్రీతి నోట్‌బుక్కు తెరిచింది. యోగలక్ష్మి అక్క గొంతు అలా మెత్తబడిందంటే కేసు పట్టుకుందనే లెక్క, ఇక వదిలే మనిషి కాదు.

ఏ. పళ్లిపట్టి దగ్గరి పల్లెలో వెంకటరామప్ప అనే రైతు చేలో మోకాలెత్తు వీరగల్లు ఉంది. ఎప్పుడో పశువుల మందను కాపాడుతూ చచ్చిపోయిన పూర్వీకుడి రాయి అది. ఇంటివాళ్లు వీరప్ప అని మొక్కుతారు. ఆ ఇంటి కొడుకు ప్రభు కేశవన్‌కు స్నేహితుడు, బెంగళూరులో ఉద్యోగం. కేశవన్ పంపిన ప్రయాణాల ఫోటోలు పోయిన ఆదివారం ఇంట్లో అందరికీ చూపించి, ఆ రాత్రే బెంగళూరు వెళ్లిపోయాడు. నిన్న, శుక్రవారం, ఇద్దరూ కలిసి పల్లెకు వచ్చారు. కేశవన్ ఒంటరిగా రాయి ముందు రెండు గంటలు కూర్చున్నాడు. ఈ పొద్దున రాతికి అమావాస్య స్నానం చేయిస్తూ ప్రభు తల్లి గోపమ్మ, ఇది మా వీరప్ప కాదు పొమ్మంది. కేశవన్ బొమ్మల పుస్తకాలున్న సంచి వాళ్లు పట్టుకున్నారు. ప్రభు పూచీ పడితేనే ఇక్కడిదాకా రానిచ్చారు.

"రెండు గంటలు చూసిన మీకు తేడా తెలియలేదా?" అంది యోగలక్ష్మి.

పసుపూ పూలదండా నిండా కప్పేసి ఉన్నాయనీ, ఇంకొకరి దేవుణ్ని తాకడం తనకు అలవాటు లేదనీ చెప్పాడు.

మధ్యాహ్నానికి ముగ్గురూ చేలో ఉన్నారు. వెంకటరామప్ప పలకరించకుండా పక్కకు తిరిగి నిలబడ్డాడు. తన తల్లికి చూపు తగ్గిందని ఊళ్లో అంటున్నారని ప్రభు గొణిగాడు. గోపమ్మకు ఒళ్లు మండిపోయింది.

"కండ్లతో కాదు, నీళ్లతో కనిపెట్టినాను. ఎన్ని తరాల ఆముదం తాగినాడో మావాడు, తలమింద చుక్క నీళ్లు నిలవవు. ఇది పోసిందంతా తాగేసింది."

యోగలక్ష్మి రాతి పక్కన గొంతుక్కూర్చుని చుట్టూ చూసింది. రాతి మొదలు దగ్గర అక్కడక్కడా పాలిపోయిన మొలకలు తొంగిచూస్తున్నాయి. గడ్డి అనుకుంది ప్రీతి. అక్క మాత్రం ఒకటి పెరికి వేళ్ల మధ్య తిప్పి చూసి, గోపమ్మను అటకమీది విత్తనాల కుండ చూపించమంది. పురుగు పట్టకుండా గింజలన్నిటికీ ఎర్రమన్ను పూసి ఉంది. దొంగను పట్టమంటే గింజలు చూస్తుందేమిటా అని ప్రీతి లోపల విసుక్కుంది, అయినా రాసుకుంది.

అప్పుడు యోగలక్ష్మి అందర్నీ రాయి దగ్గరికి పిలిచి, ప్రభుతో గడ్డపార వేయించింది. రాయి ఒరిగింది. గుంతలో తొమ్మిది రకాల గింజలు వేలెడేసి మొలకలెత్తి ఉన్నాయి. పొట్టుమీద ఎర్రమన్ను ఇంకా పోలేదు.

"పెద్దమ్మా, ఇంత మొలకకు ఎన్నాళ్లు పడుతుంది?"

"నాలుగైదు దినాలు."

"మాస్టారు వచ్చింది నిన్న." అందరూ కేశవన్ వైపు చూశారు. యోగలక్ష్మి ఆగలేదు. "దొంగ అయితే మారురాయి పాతి పారిపోతాడు. కింద నవధాన్యాలు పోసి, మొక్కి నిలబెట్టడు. ఈ గింజలు ఈ ఇంటి కుండలోవే. ఆ రోజుల్లో ప్రభు బెంగళూరులో ఉన్నాడు. పెద్దమ్మే చేసి ఉంటే తనే బయటపెట్టదు. ఇక ఇంట్లో మిగిలింది ఒక్కరే."

వెంకటరామప్ప భుజంమీది తుండుగుడ్డ తీసి చేతిలో నలిపాడు.

"ఫోనులో ఆ ఫోటోలు చూసినాను. దేవుళ్లకు తలకాయలు లేవు. ఏమాయరా అంటే, చూసేదానికి వచ్చినోళ్లే కోసుకోని పోయినారనె మా ప్రభు. ఆ మరుసటి దినమే మొరప్పూరులో రుబ్బురోళ్లు కొట్టేవాని దగ్గర మారురాయి చేయించినాను. మా వీరప్పను చొప్పవామిలో దాచినాను. పొద్దున ఈమె గుర్తుపట్టేసరికి నాకు నోరు పెగల్లేదు."

"భయపడి దాచుకోవడం తప్పు కాదు పెద్దాయనా. ఇంకొకరు దొంగ అనిపించుకుంటుంటే చూస్తూ ఊరుకోవడం తప్పు," అంది యోగలక్ష్మి. ఆ మాటలో జాలి లేదు. ప్రీతికి చప్పట్లు కొట్టాలనిపించింది గానీ ముసలాయన ముఖం చూసి మానుకుంది.

తండ్రీ కొడుకులు చొప్పవామిలోంచి వీరప్పను మోసుకొచ్చారు. గోపమ్మ చెంబెడు నీళ్లు పోసింది. చుక్క నిలవకుండా జారిపోయాయి. ఆమె చెంబు కింద పెట్టేసి, బావురుమంది.

వెంకటరామప్ప సంచి తెచ్చి రెండు చేతులతో కేశవన్‌కు అందించాడు. తీసుకుంటుంటే కేశవన్ కళ్లు చెమ్మగిల్లాయి.

"తలలు పోయినోళ్లనే గీసి గీసి వచ్చినాను అయ్యా. అక్కడ ఎవరన్నా మీ మాదిరి దాచిపెట్టుంటే ఎంత బాగుండు," అన్నాడు.

ముసలాయన తుండుగుడ్డతో వీరప్ప ముఖంమీది చొప్పపొట్టు తుడిచి, పక్కకు జరిగాడు.

"మావానికి తల ఉండాది వాద్యారే. కూర్చోని గీయండి."